వోన్‌మొబిల్‌లో కుంపటి

మా ఆయనకు కోవిడ్ అని తేలిన రోజే జర్మనీలో మేముండే ఇంగోల్‌స్టాట్‌లో మంచు మోకాళ్ల దాకా పడింది. మాది పై అంతస్తులో ఒకటే పడకగది, ఒకటే బాత్‌రూమ్ ఉన్న ఇల్లు. అందులో ఆయన, నేను, కొడుకు దగ్గర కొన్నాళ్లుండి పోదామని వచ్చి విమానాలు ఆగిపోవడంతో ఇరుక్కుపోయిన మా అత్తమ్మ. అత్తమ్మకు దమ్ము, అదే ఉబ్బసం, ఉంది. మామూలు జలుబు చేస్తేనే మెట్లెక్కలేదు. టీకాలు అప్పుడప్పుడే మొదలయ్యాయి, ఆమె వంతు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఈ జబ్బు గనక అంటుకుంటే ఆమె మాకు దక్కదని మా ఇద్దరికీ తెలుసు. పైకి మాత్రం ఆ మాట అనుకోలేదు.

మా అత్తాకోడళ్లకు నెగెటివ్ వచ్చింది. కానీ ఎక్కడికి పోవాలి? హోటళ్లు మూసేశారు. తెలిసినవాళ్ల ఇంటికి పోయి అంటించే ధైర్యం లేదు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మకూ డెబ్బై దాటాయి. చివరికి ఆమే ఒక దారి చూపింది. వాళ్లాయన పోయినప్పటి నుంచి పెరట్లో కదలకుండా నిలబడ్డ వోన్‌మొబిల్ తాళాలు మెట్ల మీద పెట్టి, తీసుకొమ్మని ఫోన్ చేసింది. మంచం, పొయ్యి, చిన్న బల్ల, గ్యాస్‌తో నడిచే హీటరు, అన్నీ అమర్చిన బండి అది. ఇక్కడివాళ్లు ఎండాకాలం దాంట్లో సముద్రపు ఒడ్డుకు పోతారు. మేము నడి చలికాలంలో పెరట్లోకి పోయాం.

ఓనరమ్మ మాస్కు పెట్టుకుని, బయటే నిలబడి అన్నీ వివరించింది. రోజూ పొద్దున్నే కప్పు మీద మంచు ఊడ్చెయ్యాలి. హీటరు గొట్టం చుట్టూ మంచు పేరుకోనివ్వకూడదు. నేలలో, కప్పులో చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని ఎంత చలేసినా మూయకూడదు. ఆఖరిది చెప్పేటప్పుడు రెండు చేతులూ గట్టిగా ఊపింది.

అత్తమ్మకు ఆ రంధ్రాలే శత్రువులయ్యాయి. "గింత చలిల ఇంటికి బొక్కలు పెట్టుకుంటరా ఎవలన్న? ఉన్న వేడంత బయటికి పోతాంది" అంటూ పాత నేత చీర చింపి వాటిలో కుక్కేది. నేను పీకేదాన్ని. నేను అటు తిరగ్గానే మళ్లీ కుక్కేది.

"అత్తమ్మా, అవి గాలాడనీకి పెట్టిండ్రు. మూయొద్దు."

"దమ్ము నాకున్నది బిడ్డా, నీకు లేదు. చలిగాలి సంగతి నీకేమెరుక?"

నాకు ముక్కు మీదే కోపం. ఆమెది ఉడుంపట్టు. ఆ కాస్త చోటులో ఇద్దరం అరుచుకోవడానికి కూడా స్థలం లేక, మూతి ముడుచుకుని చెరో మూల కూర్చునేవాళ్లం. మళ్లీ అన్నం వేళకు ఆమే నా కంచంలో చారు పోసేది.

కొడుకుతో వీడియో కాల్ మాత్రం పొద్దంతా నడుస్తూనే ఉండేది. ఫోన్‌ను బల్ల మీద గ్లాసుకు ఆనించి పెట్టుకునేది. మాటలేమీ ఉండవు. ఆయన దగ్గుతూ పడుకుంటాడు, ఈమె పప్పు ఏరుతూ చూస్తుంది. ఒక్కసారి గుమ్మం దాకా పోయి చూసొస్తానంటే నేను ససేమిరా అన్నాను. గిన్నెలు మెట్ల మీద పెట్టి రావడం నేనే, ఖాళీ గిన్నెలు వేడినీళ్లలో తోమడం నేనే. తల్లీకొడుకుల మధ్య గోడలా తయారయ్యాను. ఆ మాట ఆమె ఫోన్లో మా ఆడబిడ్డతో అంటుంటే విన్నాను కూడా. బాధేసింది, కానీ మెత్తబడలేదు.

చలి ఇంకా ముదిరింది. వారమంతా వస్తుందనుకున్న గ్యాస్ బండ వారం సగంలోనే అయిపోయింది. ఒక మధ్యాహ్నం హీటరు టపటపమని ఆగిపోయింది. ఓనరమ్మ గ్యారేజీ నుంచి లాగిన కరెంటు వైరుకు చిన్న హీటరు తగిలిస్తే ఫ్యూజు ఎగిరిపోయింది. కారు మంచు కింద ఉంది. ఓనరమ్మ మనవలు ఆడుకునే చెక్క బండిని తీసుకుని, ఖాళీ గ్యాస్ బండను దానికి కట్టి, గ్యాస్ బండలు మార్చిచ్చే పెట్రోల్ బంకుకు ఈడ్చుకుంటూ బయల్దేరాను. దుప్పట్లన్నీ కప్పుకుని కూర్చోమని అత్తమ్మకు మరీ మరీ చెప్పాను. ఆమె బుద్ధిగా తలూపింది.

నేను వెళ్లాక ఏం చేసిందో తర్వాత ఆమే చెప్పింది. వోన్‌మొబిల్ వెనక అరలో ఓనరమ్మ భర్త మాంసం కాల్చుకునే చిన్న ఇనప పొయ్యి, సగం సంచి బొగ్గులు ఉన్నాయి. చలికాలంలో కుంపటి వేసుకోవడం ఆమెకు పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు. ఎంతో జాగ్రత్తగానే చేసింది పాపం. పొయ్యిని బయట మంచులో పెట్టి రాజేసింది. పొగ తన దమ్ముకు పడదని, అది పూర్తిగా పోయి నిప్పులు ఎర్రగా కణకణలాడే దాకా చలిలో నిలబడి కాచుకుంది. అప్పుడు లోపలికి తెచ్చుకుని తలుపేసుకుంది. రంధ్రాల్లో చీర పేలికలు నిండుగా కుక్కింది. ఊళ్లో వాళ్లింట్లో పెంకుల సందుల్లోంచి రాత్రింబవళ్లు గాలి వచ్చిపోతూనే ఉండేది. ఇది డబ్బా. చేతులు కాచుకుంటూ, జ్వరంతో నిద్రపోతున్న కొడుకును ఫోన్లో చూసుకుంటూ కూర్చుంది.

నిండు బండతో పెరటి గేటు దాకా వచ్చేసరికి మా ఆయన మెట్ల మీద నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. ఒంటి మీద పల్చటి బనీను, కాళ్లకు ఇంట్లో చెప్పులు. మాస్కు లేదు. నాకు ఒళ్లు మండింది. చెక్క బండి తాడు వదిలేసి వోన్‌మొబిల్ తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"పైకి పో! అమ్మను చంపుతవా ఏంది?"

"జరుగు! అమ్మ పలుకుతలేదు!"

నన్ను తోసేసి తలుపు లాగాడు. లోపల నుంచి వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. పొగ లేదు, వాసన లేదు. అత్తమ్మ బల్ల మీదికి ఒరిగిపోయి ఉంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఫోన్లో మా పడకగది పైకప్పు కనిపిస్తోంది. ఆయనకు మెలకువ వచ్చి చూసేసరికి ఆమె అలా ఉందట, ఎంత అరిచినా కదల్లేదట.

చెరో చంక కింద చేతులు వేసి బయటికి లాగాం. నా కోటు విప్పి మంచు మీద పరిచాను. ఓనరమ్మ కిటికీలోంచి చూసి అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది. ఆయన తల్లి చెంపలు తడుతూ, ముఖంలో ముఖం పెట్టి "అమ్మా, అమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎంతసేపో నాకు తెలియదు. ఆమె ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి, వాంతి చేసుకుని, కళ్లు తెరిచింది. తెరిచిన మరుక్షణం ఆయనకు తన జబ్బు గుర్తొచ్చింది. ఎగిరి దూకినట్టు కంచె దాకా పోయి, మోచేయి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత అంతా మంచే జరిగింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు పొగా వాసనా ఉండవని డాక్టరు నాకు ఫోన్లో చెప్పాడు. మళ్లీ మళ్లీ పరీక్ష చేసినా ఆమెకు కోవిడ్ రాలేదు. అక్కడి ఎండు రొట్టెను తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. కానీ పెరట్లో నిలబడ్డ ఆ నిమిషంలో నాకు ఇవేవీ తెలియవు. అంబులెన్సు కూత ఇంకా వినపడలేదు.

"ఇటు రా కొడుకా" అంది అత్తమ్మ, చెయ్యి చాపి.

"వద్దమ్మా. నాకున్నది."

"దా అంటున్న."

ఆయన నా వైపు చూశాడు. నేను వాళ్లిద్దరి మధ్యే నిలబడి ఉన్నాను. పక్కకు జరిగాను.

ఆయన వచ్చి, ముఖం అటు తిప్పుకుని, మంచులో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె ఆయన నుదుటి మీద అరచెయ్యి పెట్టి చూసింది. తర్వాత మెడ కింద చూసింది.

"గింత జరం పెట్టుకోని గీ చలిల ఉరికొచ్చినవా బిడ్డా" అంటూ, తన కింద పరిచిన నా కోటును లాగి ఆయనకు కప్పబోయింది.