ఎస్తేరు అక్క కట్టిన ఎర్రగుడ్డ

సర్వర్ ఆపగానే ఫ్యాన్ల హోరు మెల్లగా తగ్గి గది నిశ్శబ్దమైపోతుంది. కొత్తగా చేరినవాళ్లు దానికి కంగారు పడతారు. నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంటుంది, ఎస్తేరు అక్క దగ్గర పని నేర్చుకున్నదాన్ని మరి. బెంగాలీలుండే మా రైల్వే ఊళ్లో, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులోని ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగమంటే మేమిద్దరమే. ఆవిడ అధికారి, నేను సహాయకురాలిని.

అక్క వాళ్ల నాన్న రైల్వేలో బోగీలు బాగుచేసేవారు. బోగీ కింద దూరే ముందు ఎర్రజెండా పెట్టేవారట. పెట్టినవాడే దాన్ని తీయాలి, ఎంత పెద్ద అధికారైనా ముట్టుకోకూడదు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఆ మాటలు వింటూ పెరిగిన మనిషి, సర్వర్‌కి లోపాలు పూడ్చే ప్యాచ్ వేసేటప్పుడు మా గది తలుపుకి ఎర్రగుడ్డ కట్టేది. అందరూ నవ్వేవారు, నేను కూడా.

ఒక ఉదయం మా సర్వర్ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లే అందులో లోపముందని, పాస్‌వర్డ్ లేకుండా బయటివాళ్లు చొరబడవచ్చని ప్రకటించి ప్యాచ్ విడుదల చేశారు. సెలవు రోజున వేద్దామా అన్నాను.

"ఏటే పిల్లా, గొళ్లెం ఇరిగిందని ఊరంతా టాంటాం ఏసేసినారు. దొంగలకి ఇనబడదేటి? ఇప్పుడే ఏసేద్దాం" అంటూ గుడ్డ కట్టేసింది.

ప్యాచ్ పడింది గానీ, లారీలకు గేట్‌పాస్ ఇచ్చే మా ప్రోగ్రాం మొరాయించింది. సరుకుతో లారీలు బారులు తీరాయి. మేనేజరు ఊగిపోతూ వచ్చారు. ఆయనా మా ఊళ్లో తాల్‌బగీచా పేటలో ఉండే తెలుగాయనే, అక్క మాత్రం ఇక్కడి అలవాటుగా ఆయన్ని దాదా, అంటే అన్న, అనేది.

"ప్యాచ్ పీకియ్యి ఎస్తేరూ, లేపోతే రేపట్నించి పనిలోకి రాకు."

అక్క ఇంటిల్లిపాదికీ ఆ జీతమే ఆధారం.

"పీకేస్తే లారీలు ఎల్తాయి దాదా. ఆ దార్నే ఎవుడో దూరి మన లెక్కలన్నిటికీ తాళమేసి, తియ్యడానికి డబ్బులడుగుతాడు. నేను మాత్రం పీకను" అంది అక్క, గొంతు పెంచకుండా.

ఆయన నావైపు తిరిగారు. "నువ్వు పీకు. ఆవిడ కుర్చీ నీదే."

"గుడ్డ కట్టినోళ్లే ఇప్పాల సార్" అన్నాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆయన యజమానికి ఫోన్ చేయడానికి వెళ్లారు. మేము వెతకడం మొదలుపెట్టాం. తీరా చూస్తే, మా ప్రోగ్రాం కూడా ఇన్నాళ్లూ ఆ లోపంలోంచే సర్వర్‌లోకి వెళ్లి వస్తోంది! సులువని ఎవరో ఎప్పుడో పెట్టిన అడ్డదారిని ప్యాచ్ మూసేసింది.

"సూసినావా, మనోళ్లే దొడ్డిదారి మరిగినారు" అని అక్క విరగబడి నవ్వింది. ప్రోగ్రాంని సరైన దారికి మళ్లించేసరికి భోజనాల వేళయింది. లారీలు కదిలాయి. అక్క గుడ్డ విప్పి మడతపెట్టింది.

మేనేజరు తగ్గలేదు. "ఇంత గొడవ సేసినావు, ఎవుడైనా వొచ్చినాడా?"

"రానేదు దాదా. రాకూడదనే గదా ఏసినాను."

లారీలు కదిలాయి కాబట్టి అక్క ఉద్యోగం నిలిచింది, మెప్పు మాత్రం రాలేదు. దానికి ఆవిడ బాధపడలేదు, నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. వాళ్లు ప్యాచ్ వేస్తున్నప్పుడు ఎవరు అరుచుకుంటూ వచ్చినా, ముందు నన్ను దాటాలి.