ఇద్దరికో అద్దం

దినపత్రిక జిల్లా డెస్కులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, అద్దంకి దగ్గర మా ఊరికి తిరిగి వచ్చేశాక, ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో శనివారాలు బొమ్మలు నేర్పడానికి ఒప్పుకున్నాను. ఆ రోజు పిల్లలు బ్యాగులు తేనక్కర్లేదు. పాఠాలు లేని పూట వాళ్లతో ఏం చేయించాలో తోచక హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచింది. నాకు బొమ్మలు గొప్పగా రావు. కార్టూనిస్టు సెలవు పెట్టిన రోజుల్లో పేజీలో ఖాళీ నింపడానికి గీసిన చెయ్యి, అంతే.

నాలుగు, ఐదు తరగతులు కలిపి పన్నెండు మంది. మొదటి వారం "మీ బొమ్మ మీరే వెయ్యండి" అన్నాను. పావుగంటలో పన్నెండు కాగితాలూ నా ముందుకు వచ్చాయి. ఆడపిల్లలందరికీ పొడుగు రెప్పవెంట్రుకలు, ఎర్ర పెదాలు. మగపిల్లలందరికీ నల్ల కళ్లద్దాలు. ముఖానికి రంగు వెయ్యడానికి ఒక్క గులాబీ క్రేయాన్ కోసం కొట్టుకున్నారు. పేర్లు చెరిపేస్తే ఏది ఎవరిదో వాళ్ల అమ్మలు కూడా చెప్పలేరు.

"ఇది నువ్వేనా?" అని ఒకణ్ని అడిగాను.

"నేనే సార్. నా పుట్టినరోజుకి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారుగా, దాన్లో ఇట్టాగే ఉన్నా."

"ఆ ఫ్లెక్సీ చూస్తే మీ గేదె కూడా నిన్ను గుర్తుపట్టదురా," అంది వెనక నుంచి ఒక పిల్ల.

కోరపన్ను ఊడిన పిల్ల. చర్చి వెనక పేటలో ఇల్లు, తల్లి మిరప కోతలకు వెళ్తుంది. ఆ పిల్ల పక్కన ఎప్పుడూ రెండు జడల పిల్ల ఒకతి ఉంటుంది. ఈమెది ఊళ్లో పేరున్న రైతు కుటుంబం. పన్ను ఊడిన పిల్ల తల్లి ఎక్కువ రోజులు కోతకు పోయేది వాళ్ల చేలోకే. బళ్లో మాత్రం ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే రబ్బరు, ఒకే జామకాయ.

మరుసటి వారం అద్దంకి బజార్లో ఫ్యాన్సీ షాపుకి వెళ్లి ఆరు అద్దాలు కొన్నాను. ఇద్దరికో అద్దం అని లెక్క వేసుకున్నాను. ఒకరు గీస్తుంటే రెండోవాళ్లు తప్పు పట్టాలి. ఎవరి ముఖం వాళ్లకు అలవాటైపోయి కనపడదు, పక్కవాళ్లకు కనపడుతుంది. మొదటి అయిదు నిమిషాలూ పెన్సిల్ ముట్టుకోవద్దన్నాను. చూడండి, వేలితో తడమండి, చెవి కంటికి ఎంత దూరంలో మొదలవుతుందో కొలవండి, ఆ తర్వాత ఉన్నది ఉన్నట్టు వెయ్యండి అన్నాను. గది గోలగోలగా తయారైంది.

"సార్, నా చెవులు ఒకటి పైకుంది, ఒకటి కిందికుంది!"

"అందుకేరా నీకు సగమే వినపడేది."

"నీ ముక్కు చూసుకో ముందు, ఉల్లిగడ్డ!"

ఆ రోజు గులాబీ క్రేయాన్ ఎవరికీ అక్కర్లేకపోయింది. గోధుమ రంగు మీద నలుపు రుద్ది, దాని మీద పసుపు రుద్ది, చేతి పక్కన కాగితం పెట్టుకుని సరిచూసుకున్నారు. చివర్లో, ఇది లేకపోతే నేను నేను కాదు అనుకునేది ఏదైనా ముఖం పక్కన వెయ్యమన్నాను. ఒకడు మేకపిల్లను వేశాడు. ఒకడు వాళ్ల నాన్న చేలో మందు కొట్టే డ్రోను వేశాడు. ఆ ఇద్దరు ఆడపిల్లలూ విడిగా ఏమీ వెయ్యలేదు. కానీ రెండు జడల పిల్ల కాగితం కుడి అంచున ఒక చెవి, ఒక బుగ్గ, నవ్వే నోట్లో పన్ను ఊడిన సందు ఉన్నాయి. రెండో పిల్ల కాగితం ఎడమ అంచున ఒక కన్ను, రిబ్బను కట్టిన ఒక జడ.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"అద్దంలో ఇదీ ఉంది సార్," అంది పన్ను ఊడిన పిల్ల, స్నేహితురాలి వైపు గడ్డం ఎత్తి. "ఉన్నది ఉన్నట్టు వెయ్యమన్నారుగా."

నాకు సంతోషమైంది. ఇంట్లో చూపించి తీసుకురండి, తల్లిదండ్రుల సమావేశం రోజు గోడకు పెడదాం అని చెప్పి పంపాను.

సోమవారం పొద్దున్నే రెండు జడల పిల్ల తల్లి మా ఇంటికే వచ్చింది. వాళ్లూ మేమూ ఒకటే. నన్ను బాబాయిగారూ అంటుంది. కాఫీ ఇస్తే వద్దనకుండా తాగింది. కూతురి బొమ్మ బల్ల మీద పరిచింది.

"బొమ్మ బాగుంది బాబాయిగారూ. కాకపోతే దీన్లో ఆ పిల్లెందుకండీ?"

"అద్దంలో కనపడింది, వేసిందమ్మా."

"అదే అంటున్నా. తలకాయలు ఆనించి కూర్చుంటే పేలెక్కవూ? మొన్ననే మందు పెట్టి తల దువ్వా."

"పేలు బళ్లో అందరికీ ఉంటాయి."

"మీకు తెలీందేముంది. పరాయోళ్లనయితే అడగను. మనోళ్లయ్యుండి మీరే ఇట్టా చేస్తే ఎట్టా?"

పేలు అన్న మాటకు అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు. అసలు మాట ఆమె అనలేదు, నేనూ అనిపించలేదు. వెళ్తూ వెళ్తూ, "ఆ అంచు కాస్త తీసేసి గోడకి పెట్టండి, చాలు," అంది. చాలా మర్యాదగా అంది.

బళ్లో హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పాను. ఆమె కాసేపు టేబుల్ మీద రిజిస్టరు సర్దింది.

"సర్దుకుపోదాం సార్. వాళ్లాయన స్కూలు కమిటీలో ఉన్నాడు. రేపు కోపమొచ్చి పిల్లని టౌన్లో వేశాడనుకోండి, ఆయన వెనకే ఇంకో నలుగురు పోతారు. పిల్లలు తగ్గితే ఒక టీచరు పోస్టు పోద్ది. ఉన్నదే ఇద్దరం."

ఆమె చెప్పింది నిజమే. నిజమైన కారణం చేతికి దొరకడంతో నాకు పని తేలికైంది. మళ్లీ అద్దంకి వెళ్లి ఇంకో ఆరు అద్దాలు తెచ్చాను. మరుసటి శనివారం ఎవరి అద్దం వాళ్లకిచ్చి, దూరం దూరంగా కూర్చోబెట్టాను. పిల్లలు కొత్త అద్దాలు వచ్చాయని చప్పట్లు కొట్టారు.

సమావేశం ముందురోజు సాయంత్రం బళ్లోనే స్టీలు స్కేలు పెట్టి, బ్లేడుతో ఆ అంచు కోశాను. ఫొటోలోంచి అక్కర్లేని మనిషిని తీసెయ్యడం డెస్కులో నా చేతికి పట్టుబడిన పని. మిగిలినవాళ్ల భుజం కూడా కాస్త కొయ్యాలి, అప్పుడే చూసేవాళ్లకు అనుమానం రాదు. రెండు జడల పిల్ల భుజం కూడా అలాగే కాస్త కోశాను. చెవి, బుగ్గ, నవ్వు ఉన్న అంగుళం ముక్క విడిగా వచ్చింది. చెత్తబుట్టలో వేశాను.

తెల్లారి పన్నెండు బొమ్మలూ వరండా గోడకు అంటించాం. పిల్లలు ఎవరిది ఎక్కడుందో వెతుక్కుంటున్నారు. పన్ను ఊడిన పిల్ల తన బొమ్మ చూసుకుని, పక్కకు జరిగి స్నేహితురాలి బొమ్మ ముందు ఆగింది. చాలాసేపు చూసింది.

"సార్, దీన్లో నేను ఉండాలిగా?"

"గోడ మీద చోటు చాల్లేదమ్మా," అన్నాను.

రెండు జడల పిల్ల అక్కడే ఉంది. "కాదు, మా అమ్మ కొయ్యమంది. నీకు పేలంట," అంది, దీన్లో దాచడానికేముంది అన్నట్టు.

"నాకెక్కించింది నువ్వేగానే! మొన్న నీ తలలో నాలుగు చంపింది ఎవరు?"

పిల్లలంతా పెద్దగా నవ్వారు. రెండు జడల పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వుతో అయిపోతుందనుకున్నాను.

"కోసిన ముక్క ఏది సార్?" అంది పన్ను ఊడిన పిల్ల. "ఇవ్వండి, నా దానికి అంటించుకుంటా."

బుట్ట దగ్గరకు వెళ్లి చూశాను. ఖాళీగా ఉంది. పెద్దవాళ్లు వస్తున్నారని ఆయా పొద్దున్నే ఊడ్చి, చెత్తంతా బడి వెనక తగలబెట్టింది. ఆ పిల్ల నా వెనకే వచ్చి బుట్టలోకి తొంగి చూసింది. 

అప్పుడే వాళ్లమ్మ వచ్చింది. కోత మధ్యలో వదిలి వచ్చినట్టుంది, తలకు కట్టిన తువ్వాలు తియ్యలేదు. చేతులు కారానికి మండుతున్నాయేమో, వేళ్లు విడదీసి పట్టుకుంది. వరసగా బొమ్మలు చూసింది. కూతురి బొమ్మ దగ్గర ఆగి, దాని అంచున ఉన్న కన్నూ జడా చూసి, పక్కనున్న కోసిన బొమ్మ చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"సార్, మా పిల్ల దాన్లోంచి కూడా ఆ పాపని తీసెయ్యండి. వాళ్లు చూస్తే బాగోదు."

"ఎవరూ ఏమీ అనలేదమ్మా."

"అనేదాకా ఎందుకు సార్. రేపు మళ్లీ వాళ్ల చేలోకే పోవాలి."

"నేను తియ్యనివ్వను," అంది పిల్ల. "అద్దంలో ఉందిగా!"

"ఉంటే ఉందిలేవే. అద్దంలో ఉన్నయ్యన్నీ గోడకెక్కుతాయా?"

ఆ పిల్ల గోడ దగ్గరకు వెళ్లి తన బొమ్మ లాగేసింది. టేపుతో పాటు సున్నం పెచ్చు ఊడొచ్చింది. కాగితం చుట్టి చంకలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. "ఏమనుకోకండి సార్," అని తల్లి నాకు రెండు చేతులూ జోడించి, కూతురి వెనక నడిచింది. క్షమించమని అడగాల్సింది ఆమె కాదు. ఆ మాట నేను ఆమెకు చెప్పలేదు.

హెడ్‌మిస్ట్రెస్ సమావేశం ఫొటోలు విద్యాశాఖ యాప్‌లో పెట్టాలి. "ఆ ఖాళీ కనపడుతోంది సార్, ఏదన్నా అంటించండి," అంది. పిల్లలకు చూపించడానికి కాగితం మీద నేను గీసిన నా ముఖం ఉంటే అక్కడ అంటించాను. సాయంత్రానికి పై ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ మెసేజి వచ్చిందని ఫోన్ చూపించింది. బాగుందన్నాను.

పన్నెండు అద్దాలూ ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. శనివారాలు పదకొండే బయటికి తీస్తున్నాను. రెండు జడల పిల్ల తన ముఖం కాగితం మధ్యలో, ఆధార్ కార్డు ఫొటోలా నిటారుగా వేస్తోంది. గీత బాగా కుదిరింది. పన్ను ఊడిన పిల్ల మిగతా అయిదు రోజులూ బడికి వస్తోంది, శనివారం మాత్రం రావడం లేదు. తల్లి వెంట కోతకు పోతోందని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. ఎవరి చేలోకని నేను అడగలేదు.