వేళ్లు మాయమయ్యే వీడియో

మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. మేముండే క్యారీ ఊళ్లో బడికి వెళ్లడం మొదలుపెట్టాక సైగల భాష నేర్చుకుని వేళ్లతో గలగలా మాట్లాడేసేది. మేమూ క్లాసులకు వెళ్లేవాళ్లం గానీ, నాకూ మా ఆవిడకూ అందులో సగం కూడా అందేది కాదు.

మా ఆవిడది ఆస్పత్రి ల్యాబ్‌లో మధ్యాహ్నం షిఫ్టు. పాప బడినుంచి వచ్చేసరికి తను ఉండేది కాదు. తను వచ్చేసరికి పాప నిద్రపోయేది. అందుకని కంప్యూటర్‌లో వీడియో కార్డు పెట్టి, దానికి క్యామ్‌కార్డర్ తగిలించి, పాప అమ్మకి చెప్పాలనుకున్నవి రికార్డు చేసేవాణ్ణి. అప్పటి కంప్యూటర్లకి అది తలకు మించిన పని. బొమ్మ అగ్గిపెట్టెంత కనిపించేది. మాటా బొమ్మా కలవడం లేదని మా ఆఫీసులో ఇలాంటి వీడియోలు చేసుకునేవాళ్లంతా విసుక్కునేవారు. మాకు ఆ బాధ లేదు. కానీ నడుమ నడుమ బొమ్మలే ఎగిరిపోయేవి. నుదుటి దగ్గరున్న పాప చెయ్యి ఉన్నట్టుండి ఒళ్లో ఉండేది.

"చేతులు మాయమైపోతున్నాయండీ. కొంచెం స్లోగా చేయమని చెప్పండి," అంది మా ఆవిడ.

కంప్యూటర్‌కి తొందరగా చూడటం రాదని పాపకి చెప్పాను. దాని వంక జాలిగా చూసింది. ఆ సాయంత్రం ఒక్కో సైగ చేసి, కాసేపు అలాగే పట్టుకుని, తర్వాతది చేసింది.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ నన్ను తట్టి లేపింది. "మొత్తం అర్థమైందండీ. పక్కింటి కుక్క పిల్లల్ని పెట్టిందట. చూడ్డానికి నన్ను రమ్మంటోంది."

కొన్నాళ్లకు భోజనాల దగ్గర మాతో కూడా పాప అలాగే నెమ్మదిగా చెప్పసాగింది. ఎవరూ చెప్పమనలేదు.

ఇప్పుడు తను దూరంగా బాతెల్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు గరాజ్‌లోని పాత కంప్యూటర్‌ని బతికించి, వాళ్లమ్మ అప్పట్లో సైగలతో రికార్డు చేసిపెట్టిన జవాబొకటి చూపించాను. చూస్తూనే పడీపడీ నవ్వింది.

"అమ్మ రేపు నాకు సబ్బు వేసిపెడతానంటోంది," అని సైగ చేసింది.

"అది దోసె," అంది మా ఆవిడ, అరచేతి మీద వేళ్లు గుండ్రంగా తిప్పి. దోసెకి సైగ ఏదీ దొరక్క తనే కల్పించుకుందట.

"మరి అప్పుడే చెప్పలేదేం?" అని పాపని అడిగాను.

"మర్నాడు దోసె తిన్నాక తెలిసింది. నాకా సైగ నచ్చింది. నా ఫ్రెండ్స్‌కి కూడా నేర్పాను."

మా ఆవిడ కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుంది. నేను ఇంకో ఫైలు తెరిచాను.