లావోస్‌కు ఒక్కదాన్నే

మా ఆఫీసులో నెలకోసారి భోజనాల వేళ ప్రయాణాల ముచ్చట్లు సాగేవి. హైటెక్ సిటీలో మా అంతస్తు క్యాంటీన్‌లో రెండు బల్లలు దగ్గరికి లాగి, ఎవరెక్కడికి వెళ్ళొచ్చారో, ఏం తిన్నారో, ఎక్కడ మోసపోయారో చెప్పుకునేవాళ్ళం. నడిపేది మా మేనేజరుగారు. భీమవరం వైపు మనిషి. బాలీ, ఫుకెట్ ఒకటికి రెండుసార్లు చూసొచ్చారు కాబట్టి ఆ దిక్కు దేశాలన్నిటి మీదా ఆయన మాటే చివరిది.

నేను లావోస్ వెళ్తున్నానని మొదట చెప్పింది ఆ బల్ల దగ్గరే. అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. అక్కడ పాములు తింటారని ఒకరు, పొలాల్లో యుద్ధకాలం నాటి పేలని బాంబులుంటాయని ఇంకొకరు. రోడ్లే ఉండవన్నారు మేనేజరుగారు.

"బాలీకి గ్రూపులు వెళ్తున్నాయి కదండి, అందులో చేరండి. శాకాహారులు మీరు, పైగా ఒక్కరే. లావోస్‌లో ఏముందండి చూడటానికి?"

మీరెప్పుడైనా వెళ్ళారా అని అడిగాను. వెళ్ళలేదట. వెళ్ళినవాళ్ళెవరో చెప్పారట.

నాకప్పుడు నలభై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. హఫీజ్‌పేటలో స్టేషనుకు దగ్గర్లో ఒక అద్దె ఫ్లాటులో ఉంటాను. లావోస్ ఎందుకంటే పెద్ద కారణం లేదు. నాకు తెలిసినవాళ్ళెవరూ చూడని చోటు ఒకటి నేను చూడాలనుకున్నాను, అంతే. ఆ మాత్రం కారణం చాలదని అందరూ అనుకోవడమే నా ఒళ్ళు మండించింది.

కూకట్‌పల్లిలో ఉండే మా అన్నయ్య ఈ సంగతి తెలియగానే ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే అందుకున్నాడు.

"అక్కడ మనుషుల్ని అమ్మేస్తున్నారు. టీవీలో చూడట్లేదా నువ్వు?"

"చూస్తూనే ఉన్నాను. ఉద్యోగం ఆశ చూపి తీసుకెళ్తున్నారు అన్నయ్యా. నాకు ఉద్యోగం ఉంది. నేను సెలవు పెట్టి వెళ్తున్నాను."

అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. అలా చిక్కుకున్న మన పిల్లల గురించి విన్నప్పుడల్లా నాకూ కడుపు తరుక్కుపోయేది. కానీ ఒక దేశంలో ఓ మూల జరిగిన ఘోరం ఆ దేశమంతా ఎలా అవుతుంది? అదే అడిగాను. అన్నయ్య టీ తాగకుండా వెళ్ళిపోయాడు. నేను బ్యాగు సర్దుకున్నాను.

వెళ్ళిన రెండో రోజే దెబ్బ తిన్నాను. రాజధాని వియెన్‌టియాన్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి రైలుంది, అదీ కొత్త రైలు. కానీ స్టేషను ఊరికి చాలా దూరమని నేను గ్రహించలేదు. చేరేసరికి గేటు మూసేశారు. రైలు నా కళ్ళముందే ఉంది, బయల్దేరలేదు కూడా, అయినా లోపలికి పోనివ్వలేదు. మెట్ల మీద బ్యాగు పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది. అన్నయ్యకు ఫోను చేద్దామని చేతిలోకి తీసుకుని, మళ్ళీ సంచిలో పడేశాను. చేస్తే నేను ఓడిపోయినట్టే.

బయట ఆటోలాంటి బండి నడిపేవాణ్ణి పట్టుకుని, లువాంగ్ ప్రబాంగ్ అని పదేపదే చెప్పి, అటు వెళ్ళే వ్యాను ఎక్కాను. కొండల మధ్య మలుపులు తిరుగుతూ సాయంత్రం దాకా ప్రయాణం. నాకు కడుపులో తిప్పడం మొదలైంది. పక్కనున్న పెద్దావిడ చూసి కమలాపండు ఒలిచి, తొక్క నా ముక్కు దగ్గర పెట్టింది. మా ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు. నేనిచ్చిన జంతికలు ఆవిడ దారంతా తింటూనే ఉంది.

తిండి గురించి నేను భయపడి తీసుకెళ్ళిన పొడుల్లో సగం అలాగే తిరిగొచ్చాయి. లువాంగ్ ప్రబాంగ్‌లో నేను దిగిన ఇంటావిడ వంకాయలూ మిరపకాయలూ నిప్పుల మీద కాల్చి రోట్లో దంచింది. అచ్చంగా మన రోటి పచ్చడే. జిగురన్నం ముద్దలు చేసుకుని అందులో అద్దుకు తినడమే. అయితే వాళ్ళు అన్నిట్లోనూ చేపల రసం పోస్తారు. మాంసం వద్దంటే సరిపోదు, ఆ సీసా చూపించి వద్దనాలి. మొదటి పూట ఆ సంగతి తెలియక తిన్నాను. ఏమీ కాలేదు.

తిరిగొచ్చాక ఆ బల్ల దగ్గర నన్ను మాట్లాడమన్నారు. ముందురోజు మేనేజరుగారు నా సీటు దగ్గరికొచ్చి, ఆడవాళ్ళను ఒంటరిగా వెళ్ళమని మాత్రం చెప్పకండి, రేపేమైనా జరిగితే మనకు మాటొస్తుంది అన్నారు. ఆలోచిస్తానన్నాను. మర్నాడు ఆలోచించుకునే బల్ల దగ్గరికి వెళ్ళాను.

నాకు తప్పిపోయిన రైలు సంగతితో మొదలుపెట్టాను. స్టేషనుకు చాలా ముందుగా వెళ్ళమన్నాను. తెల్లవారుజామున బౌద్ధ సన్యాసులు భిక్షకు వచ్చినప్పుడు భుజాలు కప్పుకుని రోడ్డుకు ఇవతలే నిలబడమన్నాను, వాళ్ళ మొహాల్లో కెమెరాలు పెట్టొద్దన్నాను. బాంబులున్నది నిజమే, కొన్ని జిల్లాల్లో దారి వదిలి పొలాల్లోకి దిగకూడదన్నాను. వానాకాలం జలపాతాలు బురదనీళ్ళతో ఉంటాయి, అప్పుడు మాత్రం వెళ్ళొద్దన్నాను.

"ఇంకొక మాట. ఆడవాళ్ళు ఒక్కరే వెళ్ళొచ్చు. నేను వెళ్ళాను."

ఆ తర్వాత మేనేజరుగారు నన్ను మళ్ళీ మాట్లాడమనలేదు. అడగాలని నేనూ ఎదురుచూడలేదు.

బల్ల చివర మా అడ్మిన్‌లో పనిచేసే అమ్మాయి కూర్చుంది. మెదక్ వైపు నుంచి వచ్చింది, చందానగర్‌లో తల్లితో ఉంటుంది. అందరూ లేచాక నా దగ్గరికొచ్చింది.

"అక్కా, మా అమ్మను తీస్కపోవచ్చా? ఆమె ఇమానం ఎక్కలే ఎన్నడు."

ఎందుకు తీసుకెళ్ళకూడదన్నాను. ఆ అమ్మాయికి సెలవు దొరికింది జులైలో. వానలు, వద్దన్నాను. వినలేదు. వెళ్ళింది. నాలుగో రోజు అక్కణ్ణుంచి ఫోను చేసింది. జలపాతం బురద నీళ్ళతో ఎర్రగా ఉందట, ఆ ముక్క నేను చెప్పింది నిజమేనంది. మిగిలిందంతా తప్పంది. ఊరు ఖాళీగా, కొండలన్నీ పచ్చగా ఉన్నాయట. ఊరవతల మడిలో ఆడవాళ్ళు నాట్లేస్తుంటే వాళ్ళమ్మ గట్టు మీద ఆగిపోయి, కూతురు వారిస్తున్నా చెప్పులు విడిచి, చీర దోపుకుని దిగిపోయిందట. ఆ ఆడవాళ్ళు నవ్వి ఒక నారు కట్ట ఆమె చేతికిచ్చారట.

"ఇంకా మడిలనే ఉంది అక్కా. పిలిస్తే వస్తలేదు. నువ్వేమో వానకాలం పోవద్దంటివి."

నేను తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. వచ్చాక ఆ బల్ల దగ్గర ఈ మాట నువ్వే చెప్పాలన్నాను. సార్ ఏమంటరో అని కాస్త వెనకాడి, అంటే అననీ అంది.