గుడివాడ గేటు పడిన పూట

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఆదివారం చర్చికి వెళ్తాను, మిగతా రోజులు ముదినేపల్లి దగ్గర చేపల చెరువులు చూసుకుంటాను. చెరువు గట్టు మీద ఒంటరిగా ఎన్నోసార్లు పడుకున్నాను. ఎప్పుడూ ఏదీ కనిపించలేదు. అయినా ఇది జరిగింది.

మా పాప స్నేహకి అప్పుడు ఆరేళ్ళు. కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే గుడివాడలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అపెండిక్స్ అన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆపరేషన్.

"నువ్వు నా పక్కనే ఉండాలి నాన్నా" అంటూ నా చొక్కా పట్టుకుంది. ఉంటానన్నాను.

పొద్దున్నే ఫోన్ వచ్చింది, చెరువులో చేపలు చచ్చి తేలుతున్నాయని. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేయొచ్చని బండేసుకుని వెళ్ళాను. నేనక్కడ నీళ్ళలో ఉండగానే నా భార్య సునీత ఫోన్ చేసింది.

"ఏమండీ, నొప్పి ఎక్కువైపోయింది. ఇప్పుడే లోపలికి తీసుకెళ్తారంట. మీరు లేకపోతే వెళ్ళనని ఒకటే ఏడుపు. తొందరగా రండి."

బురద కాళ్ళతోనే బయల్దేరాను. గుడివాడ చేరేసరికి రైలు గేటు పడింది. ఫోన్ చూస్తే ఛార్జింగ్ అయిపోయింది. ఎదురుగా గూడ్సు బండి కదిలీ కదలనట్టు వెళ్తోంది.

ఏం చెయ్యాలో తోచక, పాప పక్కనే ఉన్నట్టు మనసులో మాట్లాడటం మొదలుపెట్టాను. "అదుగో బంగారం, ఆ పెట్టె మీద నీలం పట్టా చిరిగిపోయి ఎలా ఎగురుతోందో చూడు. చివరి పెట్టె దాకా చూస్తూ ఉండు, భయం వెయ్యదు." పెదవులు కూడా కదపలేదు నేను.

ఆసుపత్రికి వెళ్ళేసరికి సునీత ఆపరేషన్ గది బయట కూర్చుని ఉంది.

"ఉన్నట్టుండి ఏడుపు మానేసిందండీ. 'నాన్న వచ్చాడమ్మా' అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది. నేను తిరిగి చూస్తే మీరు లేరు."

కాసేపటికి డాక్టరుగారు బయటికొచ్చి, "పాప బాగుందండీ, ఇంక భయం లేదు" అన్నారు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను.

సాయంత్రం స్నేహ పూర్తిగా తెలివిలోకి వచ్చింది.

"నాన్నా, ఆ నీలం పట్టా ఊడిపోయిందా?"

"ఏ పట్టా అమ్మా?"

"రైలు మీదది. నువ్వే చూపించావుగా! చివరి పెట్టె రాకుండానే నాకు నిద్రొచ్చేసింది."

గేటు పడిన సంగతి సునీతకి చెప్పాను గానీ ఆ నీలం పట్టా మాట ఎవరితోనూ అనలేదు. ఆసుపత్రి కిటికీల్లోంచి రైలు పట్టాలు కనిపించవు, వెళ్ళి మరీ చూశాను. మత్తుమందుకి పిల్లలకి రకరకాల కలలు వస్తాయని డాక్టరుగారు చెప్పారు. వస్తాయేమో. నేను చూసిందే దాని కలలోకి ఎలా వచ్చిందని అడిగితే, నవ్వి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

స్నేహకి ఇప్పుడు అవేవీ గుర్తులేవు. కుట్ల మచ్చ చూపించి ఫ్రెండ్స్ దగ్గర గొప్పలు పోతుంటుంది. అదెలా జరిగిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఎలా జరిగినా, ఆ తలుపులు మూసుకునేటప్పుడు నా కూతురు లోపల ఒక్కతే లేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం కుదుటపడుతుంది.