ఒక రివాల్వర్, పదకొండు లోడర్లు

మొగిలయ్యకు ఉన్నది ఒక్కటే రివాల్వర్. అందులో తూటాలు నింపే స్పీడ్‌లోడర్లు మాత్రం పదకొండు. షెఫీల్డ్ తెలుగువాళ్లలో కొందరు కార్లు మారుస్తారు, కొందరు ఇళ్లు మారుస్తారు. మొగిలయ్య లోడర్లు మారుస్తాడు. తలుపు సందులోంచి చిన్న పెట్టె ఏదైనా దబ్బున పడిందంటే, అదేమిటో ఆయన భార్య కళావతి వంటింట్లోంచే చెప్పేస్తుంది.

స్పీడ్‌లోడర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ల. దానికి ముందే ఆరు తూటాలు గుచ్చి పెట్టుకుంటే, ఒక్కొక్కటే దూర్చే పని లేకుండా ఆరూ ఒక్కసారే రివాల్వర్‌లోకి దిగిపోతాయి. ఎవరికైనా ఒకటి చాలు. మరీ ముచ్చటపడితే రెండు. కళావతి ఈ సంగతి ఐదేళ్లుగా చెబుతూనే ఉంది.

“గివన్నీ ఒక్క తీరే ఉన్నయ్ గదయ్యా!”

“ఒక్క తీరెట్లయితయ్ కళా? గిది తిప్పితె తూటాలు ఇడిసేది. గది నొక్కితె ఇడిసేది.”

“మరి గిది?”

“అదీ తిప్పేదే. కాకుంటె పిడి లావుంటది.”

“గా నల్లది?”

“పిడి ఇంకింత లావుంటది.”

అసలు ఆ రివాల్వర్ రూపమే ఒక వింత. ఈ దేశంలో మామూలు పొట్టి రివాల్వర్‌ను గురి చూసి కాల్చే ఆటకు కూడా ఉంచుకోనివ్వరు. గొట్టం అడుగు పొడుగుండాలి, మొత్తం రెండడుగులుండాలి. అందుకని పిడి వెనక నుంచి ఇనుప కడ్డీ ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. కళావతి దాన్ని మొదటిసారి చూసి, “దీనికి తోకెందుకయ్యా?” అంది. మొగిలయ్య రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆయన పెద్దాసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు శుద్ధి చేసి ట్రేలలో సర్దే విభాగానికి సూపర్‌వైజర్. బయట నోట్లోంచి మాట ఊడిపడదు. లోడర్ గురించి అడిగితే మాత్రం ఆగదు. ఒకసారి బర్మింగ్‌హామ్ నుంచి రాజారావనే డాక్టరు భోజనానికి వచ్చి, పాపం మర్యాదకని ఒక లోడర్ చేతిలోకి తీసుకున్నాడు.

“పెద్ద తూటా సారూ, పాయింట్ ఫార్టీఫోర్,” మొగిలయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “తూటా లావైతె లోడర్ వెడల్పైతది. వెడల్పైతె పోయి రివాల్వర్ పిడికి తాకుతది. తాకితె వంకర వోతది. వంకర వోతె ఒక్కటి దిగదు. ఆ ఒక్కటి దిగకుంటె మిగిలిన ఐదు ధర్నా చేస్తయ్.”

“అట్లనా?” అన్నాడు రాజారావు. అదే ఆయన చేసిన తప్పు.

ఆ తర్వాత రెండు గంటలపాటు డాక్టరుగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, మొగిలయ్య ఆరు రంధ్రాలు తొలిచిన చెక్క దిమ్మెలో మందు లేని ఉత్తుత్తి తూటాలు దించుతూ గడిపాడు. “ఖాళీవి దులిపేటప్పుడు తుపాకి మూతి పైకి, నింపేటప్పుడు మూతి కిందికి. బరువే మీ పని చేసి పెడ్తది. వేళ్ల కొసలతోని తూటాల ముక్కులు వట్టుకొని దారి సూపియ్యాలె. దిగినంక లోడర్‌ను గుంజొద్దు సారూ, ఇడిసిపెట్టుర్రి. కింద వడితె వడనీయుర్రి!” రాజారావు ఆరూ దించడంలో పద్నాలుగు సెకన్లకు చేరుకుని, చెమట తుడుచుకుని, పెరుగన్నం తినకుండానే కారెక్కాడు.

ఆ ఊపు వంటింట్లోకీ పాకింది. ఒకనాడు మొగిలయ్య చెక్క బిళ్లకు ఆరు సీకులు బిగించి, ఆరు మిరపకాయలు గుచ్చి, పిండిలో ముంచి, మూతి కిందికి వంచి నూనెలోకి దించాడు. ఆరు బజ్జీలూ ఒకదాన్నొకటి గట్టిగా కావలించుకుని ఒకే బజ్జీగా తేలాయి. వచ్చిన చుట్టాలు దాన్ని కత్తితో కోసుకుని తిన్నారు.

ఇంతవరకూ ఏ కొంపా మునగలేదు. కానీ ఈ ఏడాది ఆయన పద్ధతి మరీ పెచ్చుమీరింది. ఒకరోజు కుడి బొటనవేలికి ప్లాస్టర్ టేపు బిర్రుగా చుట్టుకుని లోడర్ తిప్పుతూ కనిపించాడు. ఇంకోరోజు కళ్లకు కళావతి స్కార్ఫ్ కట్టుకున్నాడు. వేరే రోజు కుడి చేతిని స్వెటర్ లోపల దాచేసి ఎడమ చేత్తో తంటాలు పడుతున్నాడు. కళావతి నాటింగ్‌హామ్‌లో చదువుతున్న కూతురు మనోజ్ఞకు ఫోన్ చేసింది.

“మీ నాయిన కండ్లకు గంతలు గట్టుకొని కూసున్నడే!”

“మమ్, ఈజ్ హీ హ్యాపీ?”

“నవ్వుకుంట ఉన్నడు.”

“దెన్ లీవ్ హిమ్, మమ్.”

వదిలేసేదే. కానీ కళావతి మనసులో అసలు ముల్లు వేరే ఉంది. అది తాళంచెవి. రివాల్వర్ ఉండే ఇనుప బీరువా తాళంచెవి ఎక్కడుందో తుపాకీ సర్టిఫికెట్ ఉన్నవాడికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియకూడదని నియమం. మొగిలయ్య దాన్ని తుచ తప్పకుండా పాటిస్తున్నాడు. బియ్యం డబ్బా, దేవుడి అర, పాత కోట్ల జేబులు అన్నీ వెతికి కళావతి ఓడిపోయింది.

“ముప్పై ఏండ్లు సంసారం జేసిన. నాకు తెల్వని తాళంచెవి ఈ ఇంట్ల ఉండుడేంది?”

“అది లా, కళా.”

“లా నీకు వండి పెడ్తదా?”

సర్టిఫికెట్ ఐదేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలి. దానికి ముందు పోలీసుల తరఫున ఆఫీసరు ఇంటికొచ్చి బీరువా చూస్తారు. ఆ తర్వాత ఇంట్లోవాళ్లను అడుగుతారు, ఇంట్లో ఇది ఉండటం మీకు ఇష్టమేనా అని. భార్య కాదంటే దాదాపు అయిపోయినట్టే. రివాల్వర్ పోతుంది, దాంతోపాటు మొగిలయ్య నోరు తెరిచి మాట్లాడే ఒకే ఒక చోటు, ఆదివారం షూటింగ్ క్లబ్బు, అదీ పోతుంది. ఈ సంగతి ఆయనకు తెలుసు. కళావతికి ఇంకా బాగా తెలుసు. ఆమె కౌన్సిల్ ఆఫీసులో పార్కింగ్ పర్మిట్ల సెక్షన్‌లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది. కాదని చెప్పడం ఆమెకు ఎడమచేతి పని. ఆరు వారాలుగా స్నానం చేస్తూ, ‘నో, ఐ యామ్ నాట్ హ్యాపీ’ అని అన్ని స్వరాల్లోనూ సాధన చేసింది.

మంగళవారం ఉదయం ఆఫీసరమ్మ వచ్చింది. యాభై ఏళ్ల యార్క్‌షైర్ మనిషి, బూట్లు గుమ్మం దగ్గరే విప్పి కళావతికి సగం నచ్చేసింది. మొగిలయ్య వాళ్లిద్దరినీ గది బయట నిలబెట్టి, ఎక్కడినుంచో తాళంచెవి తెచ్చి బీరువా తెరిచాడు. రివాల్వర్ నంబరు సరిపోయింది. పై అరలో చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో లోడర్లు వరుసగా ఉన్నాయి. రెండు తప్పించి ఒక్కో సంచి మీద ఒక్కో చీటీ.

“ఒక రివాల్వర్‌కు పదకొండా?” అంది ఆఫీసరమ్మ.

మొగిలయ్య పైకప్పు వైపు చూశాడు. “ప్రాక్టీస్.”

“ఈ చీటీల మీదున్నది ఏ భాష?”

“తెలుగు.”

“ఏం రాశారు?”

“నథింగ్. నథింగ్ ఎట్ ఆల్.”

ఇరవై ఏళ్లుగా పర్మిట్లు చూస్తున్న కళావతికి తెలుసు, నథింగ్ అన్నవాడి దగ్గరే ఏదో ఉంటుంది. ఆఫీసరమ్మకూ అది తెలిసినట్టే ఉంది. కలం మూత పెట్టేసి కళావతి వైపు తిరిగింది. “మీరు చదివి చెప్తారా, లవ్?” యార్క్‌షైర్‌లో ఎవరినైనా లవ్ అనే పిలుస్తారు.

మొగిలయ్య మొహం ఎర్రబడింది. “కళా, వద్దే…”

కళావతి మొదటి సంచి అందుకుంది. ఆస్పత్రి ట్రేల మీద ఏ సర్జన్‌కు ఏది కావాలో రాసినట్టు, పొందికైన గుండ్రటి అక్షరాలు.

‘క్లైవ్. చేతులు వణుకుతయ్. నొక్కేదే ఇయ్యాలె. తిప్పేదిస్తే అన్నీ కింద వోస్తడు.’

ఆమె దాన్ని ఇంగ్లీషులో చెప్పి రెండోది తీసింది.

‘బార్బరా. కుడి బొటనవేలు వంగదు. పిడికి రబ్బరు సుట్టిన. వేలికి టేపేసుకొని సూసిన. తిరుగుతున్నది.’

కళావతి ఒకసారి మొగిలయ్య బొటనవేలి వైపు చూసింది. ఆయన దాన్ని జేబులో దాచుకున్నాడు.

‘పీటర్. కండ్లు మసక. కండ్లు మూసుకొని సూసిన. అంచుకు గీత చెక్కిన, చేతికి తెలుస్తది.’

‘డెన్నిస్. భుజం ఆపరేషనైనంక కుడి చెయ్యి లేస్తలేదు. ఎడమ చేత్తోని గావాలె. క్లబ్బు మానేస్తనంటున్నడు. జల్ది దొరకాలె.’

ఈ దేశంలో ఇలాంటి రివాల్వర్లు దొరికే రకాలే తక్కువ కాబట్టి క్లబ్బులో అందరిదీ అదే మోడల్. ఒకరి రివాల్వర్‌కు సరిపోయే లోడర్ అందరి రివాల్వర్లకూ సరిపోతుంది, చేతులు సహకరించాలి అంతే. మొగిలయ్యవి రెండే. మిగిలిన తొమ్మిదీ వాళ్లకోసం కొన్నవి. ప్రతి చీటీ కిందా ఒకటే వాక్యం ఉంది. కళావతి దాన్ని రెండుసార్లు చదివింది, ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో.

“‘పాపమని ఇచ్చినట్టుండొద్దు. తప్పుది కొన్న, నీకేమన్న పనికొస్తదా అని అడగాలె.’”

ఆఫీసరమ్మ కలం మూత తీసింది. “రెండే ప్రశ్నలు, లవ్. తాళంచెవి ఎక్కడుంటుందో మీకు తెలుసా?”

తన ఇంట్లో, తన గుమ్మంలో, ఒక పరాయి మనిషి ముందు కళావతి ఆ మాట అనాల్సి వచ్చింది. “తెలియదు,” అంది, పన్ను పీకించుకుంటున్నట్టు.

“ఇంట్లో ఇది ఉండటం మీకు ఇష్టమేనా?”

ఆరు వారాల సాధన కళావతి నాలుక చివరిదాకా వచ్చి అక్కడే నిలబడింది. “ఇష్టమే. కానీ భోజనాల బల్ల గురించి ఒక ఫిర్యాదుంది. దాన్ని ఈయన నాకు వదలడు.”

“అది మా పరిధి కాదు, లవ్. కౌన్సిల్‌కు చెప్పుకోవాలి.”

“కౌన్సిల్ నేనే,” అంది కళావతి.

ఆఫీసరమ్మ బూట్లు వేసుకుని వెళ్లేదాకా నవ్వుతూనే ఉంది.

ఆ ఆదివారం కళావతి మొట్టమొదటిసారి క్లబ్బుకు వెళ్లింది. టీ గదిలో గాజు కిటికీ వెనక కూర్చుని చూసింది. మొగిలయ్య ఒక పొడుగాటి ముసలాయన దగ్గరికి నడిచి, జేబులోంచి సంచి తీసి, తల గోక్కుంటూ ఏదో అన్నాడు. చీటీ మాత్రం పీకేసి ఉంది. ఆయనే డెన్నిస్. తన వంతు రాగానే ఎడమ చేత్తో లోడర్ ఆనించి నొక్కాడు. ఆరూ దిగాయి. ఆయన లోడర్‌ను నేల మీదికి వదిలేసి, కాసేపు దానికేసే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వచ్చే వారం పోటీకి పేర్లు రాసే కాగితం అడిగి తీసుకున్నాడు.

బార్బరా టీ కప్పు పట్టుకుని కళావతి పక్కన కూర్చుంది. “మీరు మొగిలి భార్యా? చాలా మంచివాడు. కానీ ఒక మాట అంటే ఏమీ అనుకోరు కదా?”

“చెప్పండి.”

“కొనడం బొత్తిగా రాదు పాపం. ఐదేళ్లుగా చూస్తున్నాం, ఎప్పుడు కొన్నా తప్పుదే కొంటాడు. వృథా పోతాయని మేమే తలా ఒకటి తీసుకుంటున్నాం. మీరు కాస్త దగ్గరుండి చూసుకోకూడదూ?”

గాజు అవతల మొగిలయ్య ఇటే చూస్తున్నాడు, ఏమంటుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

కళావతి పెద్దగా నిట్టూర్చింది. “ఏం చెప్పమంటారు! ఆయన చెప్పులు కూడా నేనే కొంటాను.”

“అయ్యో, అంత అధ్వాన్నమా?” అని బార్బరా జాలిగా ఆమె చెయ్యి నిమిరింది, వంగని బొటనవేలితో.

“మీరు నమ్మరు,” అంది కళావతి, “వచ్చే నెల ఇంకోటి కొంటాడట. అదీ తప్పే అయ్యుంటుంది. ఎవరికైనా పనికొస్తుందేమో కాస్త చూసి పెట్టండి.”