కుడి పక్క పువ్వు

వారఫలాలు, సోదె, చేతిరేఖలు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. దయ్యాల సంగతి చెప్పనే అక్కర్లేదు. మా నాన్న బంగారు గనిలో పనిచేసిన మనిషి. అంత లోతుకు దిగి వచ్చే వాళ్లు ఇంట్లో ఏవేవో కథలు చెబుతారని అందరూ అనుకుంటారు. ఆయన ఒక్కటీ చెప్పలేదు. నేను ఆ గని పక్కనే ఉన్న ఆండర్సన్‌పేటలో పెరిగాను, అక్కడి బడిలోనే పిల్లలకు సైన్సు చెబుతున్నాను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

నా భర్త శ్రీనివాస్‌ది ముళబాగిలు దగ్గర ఒక పల్లె. పెళ్లయ్యాక మా ఊళ్లోనే ఇల్లు తీసుకున్నాం. ఆయన రోజూ తెల్లవారుజాము రైలుకు బెంగళూరు ఫ్యాక్టరీకి వెళ్లి వచ్చేవారు. ఒకసారి కంపెనీ వాళ్లు చేయించిన పరీక్షల్లో, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉబ్బిందని తేలింది. నొప్పి లేదు, ఆయాసం లేదు. మెట్లు నాకంటే వేగంగా ఎక్కేవారు.

డాక్టరు ఏదీ దాచలేదు. అది ఎప్పుడైనా చిట్లవచ్చు, ఏళ్ల తరబడి చిట్లకపోనూ వచ్చు. ఆపరేషన్ చేస్తే ఆ భయం పోతుంది, కానీ ఆపరేషన్‌లోనూ ప్రాణభయం ఉంది. ఆలోచించుకుని రమ్మన్నాడు. నేను దొరికిందల్లా చదివి, చేయించుకోవడమే మంచిదన్నాను. ఆయన ఎటూ తేల్చలేదు.

తమ ఊరి ఆంజనేయస్వామిని పువ్వు అడుగుదామని మా అత్త అన్నది. మా వైపు ఇది మామూలే. పూజారి తడి పూలను విగ్రహానికి అంటించి పెడతాడు. అడగవలసింది మనసులో అడిగి, ఎదురుగా కూర్చుంటాం. స్వామి కుడి పక్క పువ్వు రాలితే సరేనన్నట్టు, ఎడమ పక్క రాలితే వద్దన్నట్టు.

అవి ఎన్నికల రోజులు. ఏ కన్నడ చానెల్ పెట్టినా ఎవరో ఒక నాయకుడికి కుడి పక్క పువ్వు పడిన వీడియోనే. గెలుపు ఖాయమని కింద అక్షరాలు పరిగెత్తేవి.

“ఒకే సీటుకు నిలబడినోళ్లు ఇద్దరికీ కుడి పక్కే పడినాది. సామికి ఎవర్నీ నొప్పించే మనసు లేనట్టుండాది” అని ఆయన నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, “టీచరమ్మా, నువ్వు నమ్మవు, సరే. సామి వద్దంటే నేను చేయించుకోను. సరేనంటే ఇంగ నోరెత్తను” అన్నారు.

ఆదివారం పొద్దున వెళ్లాం. చిన్న గుడి. విగ్రహానికి కుడి పక్కన ఇత్తడి దీపపు సెమ్మె, ఎడమ పక్కన ఉత్త గోడ. గడప ముందు ఆయన, అత్త కూర్చున్నారు. వాళ్ల వెనక నేను. నా వెనక నిలబడి మరిది నాగరాజు ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

చాలాసేపు ఒక్క పువ్వూ కదలలేదు.

“ఏమప్పా పూజారీ, గోందు పూసి అంటించినావా?” అన్నాడు నాగరాజు.

“నువ్వేమి ఎలక్షన్‌కు నిలబడినావా, అంత తొందరగా పడేదానికి? గమ్మునుండు” అన్నాడు పూజారి.

అప్పుడు ఒక పసుపు చామంతి జారి, దీపం పక్కన పడింది. నేను చూశాను. “కుడి పక్కే ఇచ్చినాడు నా తండ్రి” అంటూ అత్త ఏడ్చేసింది. పూజారి సెమ్మె మొదట్లో పడిన పువ్వును తీసి నా చేతిలో పెట్టాడు. దాని రెక్కలకు నూనె అంటి ఉంది. ఆ మరక ఇప్పటికీ నా చీర కొంగుకు ఉంది.

ఆపరేషన్ థియేటర్ నుంచి ఆయన తిరిగి రాలేదు. డాక్టర్లు ముందే చెప్పిన ప్రమాదమే జరిగింది. నేను ఎవరినీ తప్పుపట్టను.

కొన్ని నెలల తర్వాత, ఆయన గొంతు వినాలనిపించి ఆ వీడియో పంపమని నాగరాజును అడిగాను. అందులో పువ్వు స్వామి ఎడమ పక్కన పడింది.

ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఫోన్ బొమ్మను అద్దంలోలా తిప్పి చూపిస్తోందేమో అనుకున్నాను. కానీ దీపం తన చోటే ఉంది. కూర్చున్న మనుషులూ ఎవరి చోట వాళ్లే ఉన్నారు. పువ్వు మాత్రం గోడ వైపు జారుతుంది. అత్త ఏడుపు వినబడుతుంది. నాగరాజు చేతులు జోడించడానికి ఫోన్ దించడంతో వీడియో అక్కడితో అయిపోతుంది.

నాగరాజు కూడా దాన్ని తీశాక ఒక్కసారీ చూడలేదట. నా ఫోన్లో రెండుసార్లు వేసుకుని చూశాడు. “దీపం పక్కే పడినాది వదినా. అమ్మ మీద ఆన” అన్నాడు. పూజారినీ అడిగాను. సెమ్మె దగ్గరే తీశానని చెప్పాడు. మా బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మాస్టారు వీడియోను పరిశీలించి, ఎవరూ మార్చినట్టు లేదన్నారు.

“అమ్మకు మాత్రం చూపించొద్దు వదినా” అన్నాడు నాగరాజు. సామి పొమ్మంటేనే నా కొడుకు పోయినాడు అన్న ఒక్క మాట పట్టుకుని ఆమె బతుకుతోంది.

కానీ ఒక మధ్యాహ్నం ఆమే అడిగింది. “శీనా మాట్లాడింది ఉండాదంట కదమ్మా నీ ఫోన్లో. ఒక తూరి చూపించు.” కన్నతల్లికి లేదని చెప్పలేకపోయాను. ఆమె ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. నేను నేల చూస్తూ కూర్చున్నాను. అయిపోయాక మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను.

“పువ్వు పడినాక నీ వైపు తిరిగినాడు చూడు” అన్నది.

నేను ఇన్నాళ్లూ పువ్వునే చూశాను. ఆమె చెప్పాక ఆయన్ని చూశాను. పువ్వు జారగానే, అత్త నోరు తెరవకముందే, ఆయన వెనక్కి తిరిగారు. వీడియోలో నా తల వెనక భాగమే ఉంది. కానీ ఆ క్షణం నేను నవ్వుతున్నానని నాకు గుర్తుంది. బతికిపోయామనుకున్నాను. ఆయన నవ్వలేదు. నన్ను అలాగే చూశారు. ఫ్యాక్టరీలో ఏదైనా జరిగిన రోజు, ఏమీ లేదులే అని ఇంట్లోకి వచ్చేవారే, ఆ ముఖం. తర్వాత అత్త ఏడుపు మధ్య, మెల్లగా, “సరే, పోదాం ఇంగ” అన్నారు.

“పువ్వు ఏ పక్క పడింది అత్తా?” అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

“నేను వాడినే చూసినానమ్మా” అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

ఆ రోజు గుడిలో నలుగురం చూసినదానికి, ఫోన్ చూసినదానికి పొంతన ఎందుకు కుదరలేదో నాకు తెలియదు. సైన్సు చదివిన బుర్రతో ఎన్ని విధాల ఆలోచించినా తేలలేదు. ఆ గడప ముందు కూర్చున్న ఆయనకు ఏ పక్క కనిపించిందో అడగడానికి ఆయన లేరు. వద్దన్నట్టే కనిపించి ఉంటే, అయినా ఆపరేషన్‌కు ఎందుకు బయలుదేరారో, నా నవ్వును చూస్తున్న ఆ ముఖం చూశాక, అది మాత్రం తెలియదని అనలేకపోతున్నాను.